మీకు తెలుసా? ప్రిన్స్ గ్లాసులో మన శంఖుపువ్వు

2016లో కన్నుమూసిన అమెరికన్ పాప్ గాయకుడు ప్రిన్స్ జ్ఞాపకంగా కలిపే ఊదా రంగు కాక్‌టెయిల్‌కి ఆ రంగు తెప్పించే పువ్వుల్లో మన దడి మీద పాకే శంఖుపువ్వు ఒకటి. ఎండిన రేకుల్ని జిన్‌లో నానబెడితే చిక్కటి నీలం దిగుతుంది. గ్లాసులో పోసి నిమ్మకాయ పిండితే చూస్తుండగానే ఆ నీలం ఊదాగా మారిపోతుంది. రేకుల్లోని ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాలు పులుపు తగలగానే రంగు మార్చుకుంటాయి మరి. నిమ్మరసం ఎక్కువైతే గులాబీలోకి జారుతుంది, అందుకే చుక్కలు చుక్కలుగా వేయాలి.

గ్లాసు సిద్ధమయ్యాక ప్రిన్స్ పాట కూడా ఉండాలిగా! ఆయన ఫాల్సెటో, అంటే సన్నటి పైస్థాయి గొంతు, మహిమ తెలియాలంటే 'కిస్' (1986) పాట ఒక్కటి వింటే చాలు. దాదాపు పాటంతా ఆ గొంతులోనే నడుస్తుంది. పైగా అందులో బేస్ గిటారే లేదు! అయినా బిల్‌బోర్డ్ హాట్ 100లో మొదటి స్థానం కొట్టేసింది. ఎంత ధైర్యమో!

ఆయన జ్ఞాపకంగా కాక్‌టెయిల్ కలుపుతున్నా, మినియాపోలిస్ దగ్గర తన స్టూడియో పెయిస్లీ పార్క్‌లో ప్రిన్స్ ఇచ్చిన పార్టీల్లో మాత్రం సాధారణంగా మద్యం ఉండేది కాదు. మందు ముట్టని అభిమానులు శంఖుపువ్వు రేకుల్ని వేడినీళ్లలో నానబెట్టుకోవచ్చు, నిమ్మకాయ పిండితే రంగు ఇలాగే మారుతుంది.