ఒక్క టిక్ దగ్గర ఆగిపోయిన ఢాకా: బయటి నుంచి ఒక తిరుగుబాటును ఎలా అర్థం చేసుకోవాలి?

2024 జులై 18, గురువారం రాత్రి. ఢాకాలో ఓ పత్రికలో పనిచేసే నా స్నేహితురాలికి 'ఇంటికి చేరావా?' అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. ఒక్క టిక్ పడింది. జర్నలిజం పీజీలో మేమిద్దరం ఒకే బ్యాచ్. ఏ అర్ధరాత్రి మెసేజ్ పెట్టినా నిమిషాల్లో జవాబు ఇచ్చే మనిషి. తెల్లారి లేచి చూసినా ఒక్క టిక్కే. ఫోన్ చేస్తే కలవలేదు. ఆ రెండో టిక్ కోసం ఆరు రోజులు ఎదురుచూశాను.

ఆ ఆరు రోజులూ హైదరాబాద్‌లో కూర్చుని బంగ్లాదేశ్‌ను చూడటం నా పని. ఆ తర్వాత రెండు వారాలకు షేక్ హసీనా ప్రభుత్వం కూలిపోయింది. అప్పుడు మన దేశంలో వచ్చిన వార్తలు, వీడియోలు, ఫార్వర్డులు చూడటం కూడా నా పనే. అందులో నేనూ ఒక పొరపాటు చేశాను. దాని గురించి తర్వాత చెబుతాను. పొరుగు దేశంలో జనం ప్రభుత్వంపై తిరగబడినప్పుడు, బయట ఉన్నవాళ్లకు ఏది కనిపిస్తుంది, ఏది కనిపించదు? బంగ్లాదేశ్ అనుభవం ఈ విషయంలో చాలా నేర్పింది.

అసలు గొడవ ఎక్కడ మొదలైంది?

ఉద్యోగాల దగ్గర మొదలైంది. బంగ్లాదేశ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో 1971 విముక్తి యుద్ధంలో పోరాడినవారి వారసులకు 30 శాతం కోటా ఉండేది. మిగతా కోటాలతో కలిపితే మొత్తం 56 శాతం. విద్యార్థుల ఆందోళనతో 2018లో ప్రభుత్వమే వీటిని రద్దు చేసింది. 2024 జూన్ 5న హైకోర్టు ఆ రద్దు చెల్లదని చెప్పింది. జులై 1 నుంచి విద్యార్థులు 'వివక్ష వ్యతిరేక విద్యార్థి ఉద్యమం' పేరుతో రోడ్డెక్కారు.

కోపం కోటాతో ఆగలేదు. హసీనా 2009 నుంచి వరుసగా అధికారంలో ఉన్నారు. 2024 జనవరి ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షం బీఎన్‌పీ బహిష్కరించింది. పోరాట యోధుల కోటా ఆచరణలో అధికార అవామీ లీగ్ మనుషులకే మేలు చేస్తోందని విద్యార్థులు అనుమానించారు. డిగ్రీ చేతిలో ఉండి ఉద్యోగం లేని తరానికి ఆ 30 శాతం అన్నది ఒక అంకె కాదు, మూసిన తలుపు.

జులై 21న సుప్రీంకోర్టు కోటాను బాగా తగ్గించింది. 93 శాతం ఉద్యోగాలు ప్రతిభ ఆధారంగానే ఇవ్వాలని, యోధుల కుటుంబాలకు 5 శాతం, ఇతర వర్గాలకు 2 శాతం చాలని చెప్పింది. విద్యార్థులు మొదట అడిగింది దాదాపుగా దొరికింది. కానీ అప్పటికే చాలా ప్రాణాలు పోయాయి. 'కోటా సమస్య తీరింది కదా, ఇంకా ఎందుకు ఆందోళన?' అని ఆ వారం మన న్యూస్‌రూముల్లో చాలామంది అడిగారు. చనిపోయినవారి లెక్క తెలియకపోతే ఆ ప్రశ్న సహజమే.

'రజాకార్' అంటే మనకొకటి, వాళ్లకొకటి

జులై 14న విలేకరుల సమావేశంలో హసీనా ఒక మాట అన్నారు. యోధుల మనవళ్లకు కాకపోతే రజాకార్ల మనవళ్లకు ఉద్యోగాలు ఇవ్వాలా అన్నది దాని సారాంశం. ఆ రాత్రే ఢాకా యూనివర్సిటీ హాస్టళ్ల నుంచి వందలమంది బయటికొచ్చి 'నువ్వెవరు, నేనెవరు? రజాకార్, రజాకార్' అని నినదించారు.

తెలంగాణలో పెరిగినవాళ్లకు ఈ మాట వినగానే 1947-48 నాటి నిజాం రజాకార్లు గుర్తొస్తారు. బంగ్లాదేశ్‌లో అర్థం వేరు. 1971లో పాకిస్తాన్ సైన్యానికి తోడుగా నిలిచి సొంత ప్రజలపైనే దాడులు చేసిన సాయుధ దళాలను అక్కడ రజాకార్లు అంటారు. మూలంలో 'స్వచ్ఛంద సేవకుడు' అనే అర్థమున్న మాట రెండు చోట్లా పచ్చి తిట్టుగా మారింది.

ఆ నినాదంలోని వెటకారం అర్థం కాకపోతే అంతా తలకిందులవుతుంది. విద్యార్థులు తమను తాము రజాకార్లుగా ప్రకటించుకోలేదు. 'హక్కు అడిగినవాళ్లందరినీ మీరు ద్రోహులంటున్నారు, సరే, అలాగే అనుకోండి' అని ఎద్దేవా చేశారు. ఆ వీడియో ముక్క మాత్రమే చూసిన కొందరు బయటివాళ్లు 'పాకిస్తాన్ అనుకూల నినాదాలు' అని రాసేశారు. భాష తెలిసినా సందర్భం తెలియకపోతే అనువాదం అబద్ధం చెబుతుంది.

ఇంటర్నెట్ ఆగితే వార్త ఆగిందా?

జులై 16న రంగ్‌పూర్‌లో బేగం రోకేయా యూనివర్సిటీ ఎదుట అబూ సయీద్ అనే విద్యార్థి రెండు చేతులూ చాచి పోలీసుల ముందు నిలబడ్డాడు. పోలీసులు కాల్చారు. ఆ వీడియో దేశమంతా చూసింది. అయినా పోలీసులు తమ ఎఫ్ఐఆర్‌లో ఆందోళనకారులు విసిరిన ఇటుకల వల్లే చనిపోయాడన్నట్టు రాశారు. తర్వాత ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం ఫోరెన్సిక్ పరిశీలన చేయించింది. సుమారు 14 మీటర్ల దూరం నుంచి లోహపు పెల్లెట్లతో కనీసం రెండుసార్లు కాల్చారని తేల్చింది.

ఆ వీడియో బయటికి రావడం ప్రభుత్వాన్ని ఎంత ఇబ్బంది పెట్టిందో చెప్పడానికి తర్వాత జరిగిందే సాక్ష్యం. మొదట మొబైల్ డేటా, జులై 18 రాత్రికి బ్రాడ్‌బ్యాండ్ కూడా ఆగిపోయాయి. మహాఖాలీలో డేటా సెంటర్‌కు దుండగులు నిప్పుపెట్టడమే కారణమని అప్పటి ఐటీ మంత్రి జునైద్ అహ్మద్ పలక్ చెప్పారు. ప్రభుత్వం మారాక జరిగిన విచారణలో, పైనుంచి వచ్చిన ఆదేశాలతోనే ఇంటర్నెట్ ఆపారని తేలింది. జులై 19 రాత్రి కర్ఫ్యూ పెట్టి సైన్యాన్ని దించారు. బ్రాడ్‌బ్యాండ్ 23న కొంత వచ్చింది. మొబైల్ ఇంటర్నెట్ 28న వచ్చింది. సోషల్ మీడియాపై ఆంక్షలు నెలాఖరు దాకా కొనసాగాయి.

చీకటి నిండిన ఆ రోజుల్లో నేను రోజూ చూసే బంగ్లాదేశ్ పత్రికల వెబ్‌సైట్లు పాత తేదీ దగ్గరే ఆగిపోయాయి. కానీ ఢాకాలో పత్రికలు అచ్చవుతూనే ఉన్నాయి. రిపోర్టర్లు ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిరిగి శవాలు లెక్కపెట్టారు. ఆ లెక్కలు మామూలు ఫోన్ కాల్స్ మీద ఆఫీసులకు చేరాయి. అంతర్జాతీయ వార్తాసంస్థలు ఆ రోజుల్లో ఇచ్చిన మృతుల సంఖ్యలకు ఆధారం చాలావరకు ఆసుపత్రులే.

ప్రభుత్వం వైపు నుంచి మాత్రం వేరే దృశ్యాలు వచ్చాయి. తగలబడిన ప్రభుత్వ టీవీ భవనం, ధ్వంసమైన మెట్రో స్టేషన్లు. అవి నిజమైనవే. జులై 25న హసీనా మీర్‌పూర్-10 మెట్రో స్టేషన్‌కు వెళ్లి కంటతడి పెట్టారు. ఆ ఫొటో ప్రపంచమంతా తిరిగింది. మార్చురీల ఫొటోలు అంత తేలిగ్గా తిరగలేదు. నిజమైన ఫొటో కూడా సగం కథే చెప్పగలదని నాకు అప్పుడు బాగా తెలిసొచ్చింది.

ఆరో రోజు వీపీఎన్ పెట్టుకుని స్నేహితురాలు జవాబిచ్చింది. క్షేమమేనని ఒక లైను. ఢాకా మెడికల్ కాలేజీ ఆసుపత్రి బయటే మూడు రోజులు గడిపానని ఇంకో లైను. అంతకు మించి ఫోన్‌లో చెప్పనంది.

బయట ఉన్నవాళ్లు ప్రేక్షకులేనా?

కాదు. బంగ్లాదేశ్ ఆర్థిక వ్యవస్థకు రెండు ఊపిరితిత్తులు: ఒకటి దుస్తుల ఎగుమతులు, రెండోది విదేశాల్లో పనిచేసేవాళ్లు పంపే డబ్బు. ఆ డబ్బును బ్యాంకుల ద్వారా పంపొద్దని జులైలో ప్రవాసుల మధ్య ప్రచారం సాగింది. 2024 జూన్‌లో సుమారు 254 కోట్ల డాలర్లు వస్తే, జులైలో 191 కోట్లకు పడిపోయింది. ఆగస్టులో మళ్లీ 222 కోట్లకు చేరింది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జూన్‌లో బక్రీద్ ఉంది కాబట్టి ఆ నెల సహజంగానే ఎక్కువ డబ్బు వస్తుంది. జులైలో కొన్ని రోజులు బ్యాంకులే పనిచేయలేదు. కాబట్టి తగ్గుదల అంతా బహిష్కరణ ఫలితమేనని చెప్పడం కుదరదు. అయితే ప్రవాసుల చేతిలోనూ ఒక ఆయుధం ఉందని ప్రభుత్వానికి అర్థమైంది.

ఆ ఆయుధం వాడినవాళ్లకు కష్టాలూ తప్పలేదు. జులై 19న యూఏఈ వీధుల్లో హసీనా ప్రభుత్వానికి వ్యతిరేకంగా కొందరు బంగ్లాదేశీయులు ప్రదర్శనలు చేశారు. అక్కడ అనుమతి లేని నిరసన నేరం. రెండు మూడు రోజుల్లోనే అబుదాబి కోర్టు 57 మందికి శిక్షలు వేసింది. ముగ్గురికి యావజ్జీవం, 53 మందికి పదేళ్లు, ఒకరికి పదకొండేళ్లు. ప్రభుత్వం మారాక, సెప్టెంబర్ మొదటి వారంలో యూఏఈ అధ్యక్షుడు వారికి క్షమాభిక్ష పెట్టారు.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన కుటుంబాలకు ఈ సంఘటన విడమరిచి చెప్పాల్సిన పనిలేదు. అప్పు చేసి వెళ్లిన మనిషి, సొంత దేశంలో తమ్ముళ్లను కాల్చేస్తున్నారని తెలిసి అరగంట రోడ్డు మీద నిలబడితే, పదేళ్లు జైలు. దూరంగా ఉన్నారు కాబట్టి సురక్షితంగా ఉన్నారని అనుకోవడానికి లేదు.

ఆగస్టు 5 తర్వాత, సరిహద్దుకు ఇవతల

ఆగస్టు 3న విద్యార్థి నాయకులు ఒకే డిమాండ్ పెట్టారు: హసీనా దిగిపోవాలి. 4న ఒక్క రోజే 90 మందికి పైగా చనిపోయారు. 5న లక్షలాది మంది ఢాకా వైపు నడిచారు. హసీనా విమానంలో ఢిల్లీ పక్కనున్న హిండన్ ఎయిర్‌బేస్‌కు చేరుకున్నారు. 8న ముహమ్మద్ యూనస్ నేతృత్వంలో తాత్కాలిక ప్రభుత్వం ఏర్పడింది.

ఆ మధ్య మూడు రోజులు పోలీసు స్టేషన్లు ఖాళీ. అవామీ లీగ్ నాయకుల ఇళ్లపై, కార్యాలయాలపై దాడులు జరిగాయి. హిందువుల ఇళ్లపై, దుకాణాలపై, కొన్ని ఆలయాలపై కూడా దాడులు జరిగాయి. ఐక్యరాజ్యసమితి నివేదిక వీటిని నమోదు చేసింది. మతద్వేషం, రాజకీయ కక్ష, స్థానిక భూతగాదాలు వీటిలో కలిసి ఉన్నాయని చెప్పింది.

ఈ నిజానికి తోడుగా మన ఫోన్లలోకి అబద్ధాలూ వచ్చాయి. క్రికెటర్ లిటన్ దాస్ ఇల్లు తగలబెట్టారని ఒక వీడియో తిరిగింది. నిజానికి అది మాజీ కెప్టెన్, అవామీ లీగ్ ఎంపీ మష్రఫే మొర్తజా ఇల్లు.

నా పొరపాటు ఇక్కడే జరిగింది. ఆగస్టు 6న మండుతున్న భవనం వీడియో ఒకటి వచ్చింది. 'గుడి తగలబెడుతున్నారు' అని హిందీలో రాసి ఉంది. ఆఫీసు మీటింగ్‌లో ఉండి మ్యూట్‌లో చూసి, మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాను. రాత్రి ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. వెనకాల ఒకాయన బెంగాలీలో 'పార్టీ ఆఫీసు, పార్టీ ఆఫీసు' అంటున్నాడు. నాకు ఆ భాష వచ్చు. వినడానికి అర నిమిషం చాలు. ఆ అర నిమిషం నేను పెట్టలేదు.

స్నేహితురాలికి చెబితే తిట్టింది. వెంటనే ఇంకో మాట అంది: అబద్ధం బయటపడింది కదా అని 'అక్కడేమీ జరగలేదు' అని మాత్రం రాయొద్దు, మా వీధిలో ఒక హిందూ కుటుంబం వారం రోజులుగా దీపం కూడా వెలిగించడం లేదు. ఒక తప్పుడు వీడియో చేసే అసలు నష్టం ఇదే. అది అబద్ధమని తేలిన రోజున, నిజంగా దెబ్బతిన్నవాళ్ల మాట కూడా ఎవరూ నమ్మరు.

మనం ఎవరి భయం చూస్తాం, ఎప్పుడు చూస్తాం అన్నది కూడా ప్రశ్నే. ఢాకా ధల్పూర్‌లో ఒక తెలుగు కాలనీ ఉంది. బ్రిటిష్ కాలంలో పారిశుధ్య పనులకు తీసుకెళ్లిన తెలుగు కుటుంబాల వారసులు అక్కడ ఉంటారు. 2023 ఫిబ్రవరిలో ఆ కాలనీని ఖాళీ చేయమని నగర పాలక సంస్థ చెప్పింది. అప్పుడు అధికారంలో ఉన్నది హసీనాయే. ఆ కుటుంబాల కోసం ఏ వీడియో నా ఫోన్‌కు ఫార్వర్డ్ కాలేదు.

లెక్క ఎందుకు తేలదు?

ఐక్యరాజ్యసమితి నివేదిక 2025 ఫిబ్రవరిలో వచ్చింది. జులై 1 నుంచి ఆగస్టు 15 మధ్య 1,400 మంది దాకా చనిపోయి ఉండొచ్చని, వారిలో 12 నుంచి 13 శాతం పిల్లలని, ఎక్కువమందిని భద్రతా దళాలే కాల్చాయని అందులో ఉంది. తమవాళ్లు 44 మంది చనిపోయారని పోలీసు శాఖ చెప్పింది. తాత్కాలిక ప్రభుత్వం 2025 జనవరిలో గెజిట్‌లో ప్రకటించిన అమరుల పేర్లు 834.

ఈ అంకెలు పరస్పర విరుద్ధం కావు. పేరు, పత్రాలతో ధ్రువీకరించిన మరణాల జాబితా ఒకటి. ఆసుపత్రి రికార్డులు, ఇతర ఆధారాలతో వేసిన అంచనా ఇంకొకటి. గెజిట్ అమరులను లెక్కిస్తుంది, ఐక్యరాజ్యసమితి అన్ని పక్షాల మృతులనూ లెక్కిస్తుంది. ఏ అంకె కనిపించినా, ఎవరు లెక్కపెట్టారు, ఏ తేదీల మధ్య, ఎవరిని కలుపుకుని అని అడగాలి.

2025 నవంబర్ 17న ఢాకాలోని అంతర్జాతీయ నేరాల ట్రైబ్యునల్ హసీనా పరోక్షంలో విచారణ ముగించి మరణశిక్ష విధించింది. ఆమె ఆ తీర్పును రాజకీయ ప్రేరితమని కొట్టిపారేశారు. ఈ విచారణ న్యాయమా, ప్రతీకారమా అన్న చర్చ బంగ్లాదేశ్‌లోనూ ఉంది. మరణశిక్షను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం వ్యతిరేకించింది, నేరాలకు జవాబుదారీ ఉండాలని కూడా చెప్పింది. రెండూ ఒకేసారి చెప్పడం సాధ్యమే.

ఆగస్టు 6 రాత్రే మా ఫ్యామిలీ గ్రూపులో సవరణ పెట్టాను: 'నేను పంపిన వీడియో గుడిది కాదు, పార్టీ ఆఫీసుది. తప్పు నాది.' మొదటి మెసేజ్‌కు పదిహేడు మంది స్పందించారు. దీనికి ఒక్కరే, మా పెద్దనాన్న. 'మరి నిజంగా ఏం జరిగిందమ్మా?' అని అడిగారు. అప్పుడు రెండు లైన్లలో చెప్పలేకపోయాను. ఆయనకు ఈ వ్యాసం పంపిస్తాను.