తాతయ్య బండి మిట్ట ఎందుకు ఎక్కదు?

మీ తాతయ్య పాత హీరో హోండా సీడీ100 కళ్యాణదుర్గం దారిలో మిట్ట ఎక్కలేక ఆయాసపడుతోందా? కిక్ కొడితే కాలికి బరువే తగలడం లేదా? సైకిల్ పంపులో వాచరు అరిగితే ఎంత నొక్కినా గాలి పక్కనుంచి జారిపోతుంది కదా, ఇంజిన్‌లోనూ అంతే. పిస్టన్ గాలిని గట్టిగా నొక్కితేనే మంటకు బలం.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానే కురిసే అనంతపురంలో దుమ్మెక్కువ. ఎయిర్ ఫిల్టర్ చిరిగితే ఆ దుమ్ము లోపలికెళ్లి, పంపులో వాచరులా గాలిని ఆపే పిస్టన్ రింగులను అరగదీస్తుంది.

రింగులు అరిగాయో లేదో తెలుసుకోవడానికి మెకానిక్ స్పార్క్ ప్లగ్ తీసి, అక్కడ ఒత్తిడి కొలిచే గేజి బిగించి కిక్ కొడతాడు. ముల్లు తక్కువ చూపితే, ఆ రంధ్రంలో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తాడు. ఇప్పుడు ముల్లు బాగా లేచిందా? రింగులే అరిగాయి, నూనె ఆ సందుల్ని కాసేపు మూసింది. లేవకపోతే వాల్వులను అనుమానించాలి. ఇంజిన్ విప్పకుండానే జబ్బు చెప్పే ఈ పరీక్ష ఎంత తెలివైనదో!

ఫిల్టర్ ఒకసారి చూడమని తాతయ్యకు ఈరోజే చెప్పండి.