నిమ్మకాయ పెట్టేముందు... నంబరు చూడండి!

కొత్త లారీ కొనేవాళ్లు ఇంజిను చూస్తారు. క్యాబిన్ చూస్తారు. ముహూర్తమైతే తప్పకుండా చూస్తారు. టైరు మీద అచ్చయిన అక్షరాల్ని మాత్రం చూసేవాళ్లు తక్కువ. అడిగింది ఒక రకం, వచ్చింది ఇంకో రకం అయితే? ఆకివీడు ప్రాంతానికి చెందిన ఓ డ్రైవరుకు అదే జరిగింది. సొంత బండి కొనాలని కలగనే ప్రతి ఇంటికీ పనికొచ్చే అనుభవం ఇది.

విజయదశమి. ఉదయం తొమ్మిదిన్నర. బెజవాడ శివార్లలో ఓ లారీల షోరూము. ఆవరణలో వరసగా కొత్త ఛాసిస్‌లు. ఒక్కోదాని చుట్టూ ఒక్కో కుటుంబం. బంతిపూల దండలు, పసుపు, కుంకుమ, కొబ్బరికాయలు... తిరునాళ్లలా ఉందక్కడ.

అందులో ఓ పది టైర్ల బండి అతనిది. పద్దెనిమిదేళ్లు ఇతరుల లారీలు నడిపాడు. కొల్లేటి చెరువుల్లో పట్టిన బొచ్చె, శీలావతి చేపల్ని ఐసులో పేర్చుకుని హౌరా మార్కెట్‌కి చేర్చడమే పని. పేరు లేని ఆ పద్దెనిమిదేళ్ల తర్వాత ఇప్పుడు క్యాబిన్ మీద కూతురి పేరు రాయించుకోబోతున్నాడు. భార్య నానుతాడు బ్యాంకులో ఉంది. అత్తగారి ఊళ్లోని పది సెంట్ల స్థలం అమ్మేశారు. మిగతాది ఫైనాన్సు.

పదో తరగతి చదివే కూతురు రిబ్బను కత్తిరించింది. ముందు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అతను క్యాబిన్ ఎక్కి, కళ్లకద్దుకుని, స్టార్ట్ చేశాడు. నిమ్మకాయలు చితికాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ నిమ్మకాయలకు జానెడు పైన, టైరు పక్కన అచ్చయి ఉన్న అక్షరాల్ని మాత్రం ఎవరూ చదవలేదు!

బాబాయ్ పట్టేసిన గీత

ఛాసిస్‌ని నేరుగా ఆటోనగర్‌కి తోలుకొచ్చాడు. బాడీ కట్టించడానికి నెలరోజుల పైనే పడుతుంది. రోజు విడిచి రోజు వచ్చి చూసుకుని వెళ్లేవాడు. అలాంటి ఓ సాయంత్రం... పక్కనే టైర్ల కొట్టు పెద్దాయన టీ గ్లాసుతో వచ్చి బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేశాడు. ఆగాడు. వంగి చూశాడు.

‘‘ఏవయ్యా, కలకత్తా లైను కదా నీది. నైలాన్ టైర్లు తీసుకున్నావేంటి?’’

‘‘లేదు బాబాయ్, రేడియలే. బుకింగులో రాయించాను కూడా.’’

పెద్దాయన ఏమీ అనలేదు. టైరు మీది దుమ్ము అరచేత్తో తుడిచి చూపించాడు. ‘10.00-20’ అని ఉందక్కడ. రేడియల్ అయితే ‘10.00R20’ అని ఉండాలి. ‘ఆర్’ ఉండాల్సిన చోట చిన్న గీత. అంతే తేడా. అతను పదకొండు టైర్లూ చూశాడు, స్టెపినీతో సహా. అన్నిటి మీదా అదే గీత.

పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్నవాడు పోల్చుకోలేకపోయాడా అని అడగొచ్చు. లోడు పడితే రేడియల్ టైరు పక్క గోడ కాస్త ఉబ్బినట్టు కనిపిస్తుంది. డ్రైవర్లు దాన్నిబట్టే దూరం నుంచి పోల్చుకుంటారు. బాడీ లేని ఖాళీ ఛాసిస్‌కి ఆ ఉబ్బు తెలియదు. పైగా ఆ రోజు టైర్లన్నిటికీ పసుపు పూసి కుంకుమ పెట్టారు. ‘‘నా కళ్లు టైర్ల మీద లేవండీ... పిల్ల మొహం మీద ఉన్నాయి’’ అంటాడతను.

ఉక్కు పొరలా... నైలాన్ పొరలా?

ఇంతకీ ఈ రెండిటికీ తేడా ఏంటి? బయటికి రెండూ నల్లటి రబ్బరు చక్రాలే. కథంతా లోపలుంది.

నైలాన్ టైరులో దారాల పొరలు ఒకదాని మీద ఒకటి ఏటవాలుగా, నులక మంచం అల్లికలా అడ్డదిడ్డంగా వెళ్తాయి. పొరలు ఎక్కువ కాబట్టి పక్క గోడ మందంగా, గట్టిగా ఉంటుంది. రాయి కోసుకున్నా తట్టుకుంటుంది. కాకపోతే చక్రం తిరుగుతున్నంతసేపూ ఆ పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ వేడెక్కుతాయి.

రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా వెళ్తాయి. వాటిపైన, రోడ్డుకి తగిలే భాగం కింద ఉక్కు తీగల పట్టీలుంటాయి. పక్క గోడ తన పని తాను చేసుకుంటుంది, కింద భాగం బల్లపరుపుగా రోడ్డుని పట్టుకుంటుంది. ఒరిపిడి తక్కువ, వేడి తక్కువ. డీజిలూ కలిసొస్తుంది, టైరూ నిదానంగా అరుగుతుంది. ఫ్రాన్స్‌కి చెందిన మిషెలిన్ కంపెనీ 1946లో దీనికి పేటెంట్ తీసుకుంది. మన లారీల్లోకి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది. ధర ఎక్కువ, రోడ్లు గతుకులు, బరువేమో పరిమితికి మించి... రేడియల్ పలచటి పక్క గోడకి ఇవేవీ పడవు. స్వర్ణ చతుర్భుజి రోడ్లు వచ్చాక పరిస్థితి మారింది. ఆ చతుర్భుజంలో చెన్నై - కలకత్తా రోడ్డు ఒక భుజం. మన చేపల లారీలు పరుగెత్తేది ఆ రోడ్డు మీదే.

అలాగని నైలాన్ చెడ్డదేం కాదు. రాళ్ల క్వారీలో తిరిగే టిప్పరుకి అదే నేస్తం. గంటకి ఇరవై కిలోమీటర్ల వేగంతో, పదునైన రాళ్ల మీద పాకే బండికి మందపాటి పక్క గోడ కావాలి. ఏ టైరు మంచిదనేది బండి వెళ్లే దారి తేలుస్తుంది. ఇతని దారికి ఆ టైరు పనికిరాదు.

ఐసు కరిగేలోపు...

లెక్క వేసి చూద్దాం. ఆకివీడు నుంచి హౌరా సుమారు 1,100 కిలోమీటర్లు. రానూపోనూ 2,200. లీటరుకి నాలుగు కిలోమీటర్లు అనుకుంటే ట్రిప్పుకి 550 లీటర్ల డీజిలు. టైర్ల వల్ల నూటికి అయిదు లీటర్లు అదనంగా తాగుతుందనుకున్నా, ట్రిప్పుకి 27 లీటర్ల పైమాటే. నెలకి మూడు ట్రిప్పులు. లీటరు వంద రూపాయల లెక్కన నెలకి ఎనిమిది వేలు హుష్‌కాకి! ఫైనాన్సు వాయిదా కట్టే ఇంట్లో ఎనిమిది వేలంటే పిల్ల ట్యూషన్ ఫీజు, నెల పచారీ సామాను.

డబ్బు ఒక ఎత్తు. వేడి మరో ఎత్తు. చేపల లారీకి గడియారంతో పందెం. ఐసు కరిగేలోపు మార్కెట్ చేరాలి. మే నెల మధ్యాహ్నం, సలసల కాగే రోడ్డు మీద, నిండు లోడుతో ఆగకుండా పరుగు. దారిలో టైరు పేలితే? స్టెపినీ మార్చడానికి పట్టే గంటలో కింది వరస చేప మెత్తబడుతుంది. మార్కెట్‌లో ధర పడిపోతుంది. ముందు టైరు పేలితే ఆ నష్టం చేపలతో ఆగకపోవచ్చు కూడా.

ఆ రాత్రి ఇంటికెళ్లి భార్యకి చెప్పాడు. ఆమె ఒకే మాట అడిగింది... ‘‘ఏవండీ, మనం డబ్బు కట్టింది దేనికి?’’

మర్నాడు పొద్దున్నే షోరూముకి బయల్దేరాడు.

తప్పెక్కడ జరిగింది?

‘‘బండి బాగుందని సంతకం పెట్టారు కదా సార్...’’ షోరూములో వినిపించిన మొదటి మాట అది. నిజమే. ‘వాహనాన్ని పరిశీలించి, సక్రమంగా ఉందని నిర్ధారించుకుని తీసుకున్నాను’ అన్న కాగితం మీద సంతకం ఉంది. ముహూర్తం దాటిపోతోందన్న హడావుడిలో ఏడెనిమిది కాగితాల మధ్య పెట్టిన సంతకం.

బుకింగ్ ఫారం తీశారు. అందులో అసలు సంగతి బయటపడింది. కింద పెన్నుతో ‘రేడియల్’ అని రాసుంది. పైన అచ్చులో మోడల్ కోడ్ మాత్రం నైలాన్ టైర్ల బండిది! ఒకే లారీ... టైర్లు, వెనక యాక్సిల్, క్యాబిన్ మారినకొద్దీ వేర్వేరు కోడ్‌లతో వస్తుంది. ఫ్యాక్టరీకి వెళ్లేది కోడ్ ఒక్కటే. పెన్నుతో రాసిన మాట షోరూము ఫైలు దాటి పోదు. ఆ బుకింగ్ రాసుకున్న కుర్రాడు ఉద్యోగం మానేసి రెండు నెలలయింది.

ఇన్వాయిస్‌లో టైర్ల ధర విడిగా లేదు. అయితే ఆధారం మరో కాగితంలో దొరికింది. కొనుగోలుదారుకి షోరూము ఇచ్చే సేల్ సర్టిఫికెట్, అంటే ఫారం 21లో, రవాణా వాహనాలకి ఒక్కో యాక్సిల్ మోసే బరువుతోపాటు టైర్ల సంఖ్య, వివరం రాసే గడి ఒకటుంటుంది. ‘10.00-20’ అని అందులో స్పష్టంగా ఉంది. అంటే పండుగ రోజునే ఆ నిజం అతని చేతిలో ఉంది. పళ్లెంలో తమలపాకుల కింద!

‘‘లారీ నాదే... నడిపేదీ నేనే’’

ఇలాంటప్పుడు చాలామంది ‘వ్యాపారం కోసం కొన్నది కాబట్టి వినియోగదారుల కోర్టుకి వెళ్లలేం’ అనుకుని ఊరుకుంటారు. అది సగం నిజం. పది లారీలు కొని తిప్పుకునే యజమానికి ఆ మాట వర్తించొచ్చు. సొంతంగా నడుపుకుని పొట్టపోసుకునేవారి సంగతి వేరు. బతుకుదెరువు కోసం స్వయం ఉపాధిగా కొన్న వస్తువు ‘వాణిజ్య అవసరం’ కిందికి రాదని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం చెబుతోంది. అంతకుముందే, 1995లో లక్ష్మి ఇంజినీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు లారీనే ఉదాహరణగా తీసుకుంది. సొంతంగా తిప్పుకోవడానికి లారీ కొన్న వ్యక్తి వినియోగదారుడేననీ, సాయానికి ఒకరిద్దర్ని పెట్టుకున్నంత మాత్రాన ఆ హక్కు పోదనీ చెప్పింది.

చెల్లించిన ధర 50 లక్షల రూపాయల లోపుంటే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. గడువు రెండేళ్లు. అంతకంటే ముందు 1915 నంబరుకి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ వాళ్లు దారి చూపిస్తారు.

మనవాడు అంతదూరం వెళ్లలేదు. లారీ ఓనర్ల సంఘం పెద్దల్ని తోడు తీసుకుని, బుకింగ్ ఫారం, ఫారం 21, టైర్ల ఫొటోలు జతచేసి షోరూముకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడు. అందినట్టు నకలు మీద ముద్ర వేయించుకున్నాడు. ‘ముద్ర పడ్డాక మాట మెత్తబడింది’ అని నవ్వుతాడు.

అదృష్టం ఏంటంటే టైర్లు అరగలేదు. షోరూము నుంచి ఆటోనగర్ దాకా నడిచిందే నడక. రెండూ ట్యూబు టైర్లే కాబట్టి ఉన్న రిమ్ములకే రేడియల్ ఎక్కుతుంది. ట్యూబులూ ఫ్లాపులూ మారిస్తే చాలు. అతను అడిగింది ట్యూబ్‌లెస్ అయ్యుంటే రిమ్ములతో సహా మార్చాల్సి వచ్చేది. చివరికి టైర్ల కొట్టు బాబాయే మధ్యవర్తి అయ్యాడు. నైలాన్ సెట్టుని క్వారీ టిప్పర్ల వాళ్లకి అమ్మిపెట్టాడు. రేడియల్ సెట్టుకి పడిన తేడాలో పెద్ద భాగం షోరూము భరించింది. మిగిలిన ఇరవై ఎనిమిది వేలు ఇతనే పెట్టుకున్నాడు. ‘‘చూసుకోకపోవడం నా తప్పు కూడా కదండీ. ఫీజు కట్టి నేర్చుకున్నాననుకుంటా’’ అంటాడు.

కార్తీక పౌర్ణమి దాటాక బాడీ పూర్తయింది. క్యాబిన్ నుదుటి మీద కూతురి పేరు మెరుస్తోంది. తొలి లోడుకి బయల్దేరే రోజు మళ్లీ నిమ్మకాయలు తెచ్చారు. ఈసారి పెట్టింది కూతురు. పెట్టేముందు మోకాళ్ల మీద కూర్చుని, టైరు మీద వేలు ఆనించి ఒక్కో అక్షరం పైకి చదివింది... ‘‘పది, సున్నా సున్నా, ఆర్, ఇరవై.’’

‘‘ఆర్ ఉంది నాన్నా’’ అంది.

అప్పుడు స్టార్ట్ చేశాడు.

తాళాలు తీసుకునే ముందు...

* బుకింగ్‌లో మీరు కోరిన టైరు రకం, సైజు అచ్చులో ఉన్నాయా? మోడల్ కోడ్‌కి అర్థం అడిగి రాయించుకోండి. ఫారం ఫొటో తీసి ఉంచుకోండి.

* సైజు మధ్యలో ‘R’ ఉంటే రేడియల్. గీత ఉంటే నైలాన్. స్టెపినీ కూడా చూడండి. ఒకే యాక్సిల్ మీద రెండు రకాలూ కలపకూడదు.

* ‘146/143K’ లాంటి అంకెలు బరువుకి, వేగానికి గుర్తులు. 146 అంటే ఒంటరిగా ఉన్నప్పుడు ఆ టైరు 3,000 కిలోలు, 143 అంటే జంటగా ఉన్నప్పుడు ఒక్కోటి 2,725 కిలోలు మోస్తుంది. ‘K’ అంటే గరిష్ఠ వేగం గంటకి 110 కిలోమీటర్లు. టైర్లు మారిస్తే సైజూ, బరువు మోసే శక్తీ తగ్గకుండా చూసుకోండి.

* పక్క గోడ మీద కోడి గుడ్డు ఆకారపు గడిలోని నాలుగంకెలు తయారీ తేదీ. ‘2324’ అంటే 2024లో 23వ వారం.

* ఫారం 21లో టైర్ల గడి చదివాకే డెలివరీ కాగితం మీద సంతకం చేయండి. తేడా కనిపిస్తే ఆ కాగితం మీదే రాయండి. టైర్ల వారెంటీ సాధారణంగా టైర్ల కంపెనీదే ఉంటుంది. ఆ కార్డు విడిగా అడిగి తీసుకోండి.

* తప్పు తెలిసిన వెంటనే బండి తిప్పడం ఆపండి. అరిగిన టైరుని ఎవరూ వెనక్కి తీసుకోరు.