కెమెరా రెప్పలకు పట్టిన జిడ్డు

మా పాఠశాలలో చదువుచున్న ఒక బాలిక గత సంవత్సరము తన తాతగారి మడత కెమెరాను మా విజ్ఞాన సంఘమునకు తెచ్చినది. వారి యింట గోడలనున్న పటములన్నియు దానితో తీసినవే. పటముల వెనుక తాతగారు తెలుగున వ్రాసిన పేర్లు, తేదీలు నేటికిని చెరగలేదు. కాని మీట నొక్కినచో కెమెరా కన్ను తెరచుకొనుట లేదు. ఇంటివారు దానిని పాతసామానుల వర్తకునికి ఇచ్చివేయ నిశ్చయించిరి. బాలిక వారము దినములు గడువు కోరి మా యొద్దకు వచ్చినది.

మేము తొందరపడి మొదటనే పొరపాటు చేసితిమి. బిగిసిన తాళమునకు వేసినట్లు దీనికిని కుట్టుమిషను నూనె రెండు చుక్కలు వేసితిమి. ఆ దినమున రెప్పలు కదలినవి. మూడవ దినమునకు మునుపటికంటె గట్టిగా అంటుకొనినవి. ఏల యిట్లు జరిగెనో విచారించి తెలిసికొన్న సంగతులు విద్యార్థులకును, తల్లిదండ్రులకును ఉపయోగపడునని ఇచట వ్రాయుచున్నాము.

ఇట్టి కెమెరాలలో కటకముల నడుమ పలుచని ఉక్కు రేకులు కొన్ని ఒకదానిపై నొకటి ఒరసికొనుచు అమర్చబడి యుండును. దీనినే షట్టరు అందురు. మీట నొక్కగానే స్ప్రింగు బలముచే రేకులు విచ్చుకొని, నియమిత కాలము నిలిచి, మరల మూసికొనును. జర్మనీలో మ్యూనిక్ నగరమందలి ఫ్రీడ్రిక్ డెకెల్ సంస్థ 1912లో వెలువరించిన కాంపూర్, కాల్మ్‌బాక్ గ్రామమందలి గౌతియర్ సంస్థవారి ప్రోంటార్ ఈ తరగతిలో ప్రసిద్ధములు.

సెకండులో నూరవ వంతు వంటి వేగములకు స్ప్రింగు బలమే చాలును. ఒక సెకండు, అర సెకండు వంటి నిదాన వేగములకు మాత్రము గడియారములోని వంటి చిన్న పండ్లచక్రముల వరుస అడ్డు తగిలి, మూసికొనుటను ఆలస్యము చేయును. మీట నొక్కినపుడు వినబడు సన్నని బుర్రుమను ధ్వని వానిదే.

దీనిని బట్టి రోగము నెరుగవచ్చును. త్వరిత వేగములు సరిగానుండి నిదాన వేగములే నడుమ నిలిచిపోయినచో, చక్రములయందలి నూనె చిక్కబడినదని గ్రహింపవలెను. ఏ వేగమునకును రేకులు తెరచుకొనకున్నను, సగము తెరచి నిలిచినను, రేకులపై జిడ్డు చేరినదని తెలియవలెను. ఏండ్లు గడచిన కొలది, వేసవి వేడికి, కటకముల మరచుట్లయందలి కందెన కరగి రేకులపైకి ప్రాకును. తడిసిన రెండు పలకలు ఒకదాని కొకటి అంటుకొనుట మనమెరుగుదుము. రేకులును అట్లే అంటుకొనును. కావున రేకులు ఎల్లప్పుడు పొడిగా నుండవలెను. మా నూనె చుక్కలు రోగమును పెంచినవే కాని తగ్గించలేదు.

జిడ్డును కరగించుటకు సిగరెట్టు లైటరులో పోయు నాఫ్తా తగినది. కిరోసిను పనికిరాదు; అది ఆరిన పిదప జిడ్డు మిగుల్చును. నాఫ్తా ఆవిరి క్షణములో అంటుకొనును. కావున పెద్దలు దగ్గర లేకుండ పిల్లలు ఈ పనికి పూనుకొనరాదు. కిటికీలు తెరచి యుంచవలెను. దీపము, పొయ్యి, అగరువత్తి దరిదాపుల నుండరాదు.

మొదట కెమెరాలో ఫిల్ము లేదని చూచుకొని, తెల్లని గుడ్డ పరచి పని మొదలిడవలెను. ముందరి కటకమును త్రిప్పి దూరము సరిచేయు కెమెరాలయందు, అనంత దూరపు గుర్తువద్ద ఆ కటకమున్న స్థానమును పెన్సిలుతో గుర్తించవలెను. మరచుట్లు విడివడిన చోటును గూడ గుర్తించవలెను. ఈ గుర్తులు తప్పినచో తరువాత తీసిన పటములన్నియు మసకబారును. అటుపిమ్మట ముందరి కటకములను, వెనుకటి కటకములను మెల్లగా విప్పి వేరుగా నుంచవలెను. కటకములతో సహా యంత్రమును నాఫ్తాలో ముంచరాదు. కరగిన జిడ్డు కటకములపైకి చేరును.

పుల్లకు చుట్టిన దూదిని నాఫ్తాలో తడిపి, పిండి, రేకులను తాకీ తాకనట్లు తుడువవలెను. స్ప్రింగు నెక్కించి మీట నొక్కవలెను. మరల క్రొత్త దూదితో తుడువవలెను. దూదికి నల్లని మరక అంటని వరకు, రెండు వైపుల నుండియు, ఇట్లే చేయవలెను. రేకులను వ్రేలితోగాని సూదితోగాని నెట్టరాదు; వంగిన రేకు మరల సరిపడదు. ఆరిన పిదప ఒక దినము ఊరకుంచి మరల పరీక్షింపవలెను. సందులలోని జిడ్డు తిరిగి రావచ్చును. వచ్చినచో మరల తుడువవలెను. మాకు నాలుగు దినములు పట్టినది.

చక్రముల పని వేరు. అందుకు ముందరి పలకను విప్పవలెను. లోపలి స్ప్రింగు ఎగిరిపడినచో దొరకుట కష్టము. ఆ పనిని గడియారములు బాగుచేయు అనుభవజ్ఞునికి అప్పగించుట మేలు. పాత యంత్రములందు స్వయంగా పటము తీసికొనుటకై యుండు ఆలస్యపు మీటను కదలింపకుండుటయు మేలు. అది నడుమ చిక్కుకొని షట్టరునంతయు ఆపివేయవచ్చును.

షట్టరు కదలినంత మాత్రమున పని ముగిసినట్లు కాదు. నూరవ వంతు సెకండు తెరచుకొనవలసినది ఇరువదియైదవ వంతు తెరచుకొన్నచో, ఫిల్ముపై నాలుగు రెట్లు వెలుతురు పడి పటము చెడును. ఒక సెకండు వేగమును గడియారముతో సరిచూడవచ్చును. సెల్‌ఫోనులో ధ్వనిని నమోదు చేసి, తెరచుకొను చప్పుడునకు మూసికొను చప్పుడునకు గల వ్యవధిని కొలచుటయు సులభమే.

బాగుపడిన కెమెరాను తోలు సంచిలో మూసి యుంచరాదు. తేమ చేరి కటకములకు బూజు పట్టును. స్ప్రింగు నెక్కించి విడువక దాచరాదు. నెలకొకసారి అన్ని వేగములను నడిపించుచుండవలెను.

అయిదవ దినమున బాలిక కెమెరాను ఇంటికి గొనిపోయినది. తాతగారు దానిని చెవియొద్ద నుంచుకొని, ఒక సెకండుకు త్రిప్పి, మీట నొక్కి విని, పాతసామానుల వర్తకుని వెనుకకు పంపివేసిరట. ఆ తరువాత వారు తీసిన మొదటి పటము మనుమరాలిది. దాని వెనుక పేరు, తేదీ మాత్రము ఆమె చేతనే తెలుగున వ్రాయించిరి.