వయసు మీదికి నెట్టిన నొప్పి

మోకాళ్లు పట్టేస్తే, నడుము లాగితే 'వయసు' అని సరిపెట్టుకుంటున్నాం. ఎముక ఎలా పెరుగుతుందో, మృదులాస్థి ఎలా బతుకుతుందో తెలిస్తే ఆ మాట నిలవదు. బీడీలు, మరమగ్గాల మీద బతికే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో అది అసలే నిలవదు.

బీడీలు చుట్టే ఆమెకు మోకాళ్లు లేవనివ్వకపోయినా, సాంచాలు (మరమగ్గాలు) నడిపే అతనికి నడుము పట్టేసినా ఇంటా బయటా వినిపించే తీర్పు ఒక్కటే: గుజ్జు అరిగింది, వయసు మీద పడుతోంది, ఇక విశ్రాంతి తీసుకోవాలి. ఈ తీర్పు వెనక ఒక నమ్మకం ఉంది. దేహం యంత్రమని, ఎముకలూ కీళ్లూ దాని విడిభాగాలని, బిగించిన రోజు నుంచే అవి అరుగుతూ వస్తాయని. ఎముక నడిచే తీరు వేరు. తిన్న తిండిని బట్టి, తగిలిన ఎండను బట్టి, మోసిన బరువును బట్టి అది బతికినంత కాలం తనను తాను కూల్చుకుంటూ కట్టుకుంటూ ఉంటుంది. నలభై అయిదేళ్ల మనిషి మోకాలు ఎలా ఉందన్నది చాలావరకు ఆ మూడింటి ఫలితం. ఆ మూడూ మనుషులు చేసిన ఏర్పాట్లే. కాబట్టి ఈ నొప్పి గురించి ఎముకల డాక్టరు గదిలో ఎంత మాట్లాడాలో కూలి రేట్ల చర్చలోనూ, బడి భోజనం చర్చలోనూ అంత మాట్లాడాలి.

ఎముక కట్టుబడి

మన ఒంట్లో ఉండే కిలో కాల్షియంలో 99 శాతం ఎముకల్లోనే ఉంటుంది. అయినా ఎముక సున్నపు ముద్ద కాదు. దాని లోపలిది కొలాజెన్ అనే ప్రోటీన్ పోగుల అల్లిక. ఆ పోగుల సందుల్లో కాల్షియం, ఫాస్ఫరస్ కలిసిన సన్నని స్ఫటికాలు ఇమిడి ఉంటాయి. సిరిసిల్లలో సైజింగ్ చేసిన నూలు తెలిసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది: పోగు సాగే గుణాన్నిస్తుంది, గంజి బిగువునిస్తుంది, రెండూ పాళ్లలో కుదిరితేనే పడుగు తెగకుండా నిలుస్తుంది. ఖనిజం చాలకపోతే రికెట్స్ వచ్చిన పిల్లల కాళ్లలా ఎముక వంగుతుంది. ఫ్లోరైడ్ చేరి ఖనిజం తీరే మారిపోతే ఎక్స్‌రేలో దట్టంగా కనిపిస్తూనే పెళుసుబారుతుంది.

ఈ కట్టుబడి ఒకసారి పూర్తయి ఆగిపోయేది కాదు. ఆస్టియోక్లాస్టులనే కణాలు పాత ఎముకను కరిగిస్తాయి, ఆస్టియోబ్లాస్టులు ఆ గుంటను కొత్త ఎముకతో నింపుతాయి. కరిగించడం వారాల పని, నింపడం నెలల పని. పెద్దవాళ్ల అస్థిపంజరంలో ఏటా దాదాపు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. ఎక్కడ కూల్చాలో, ఎక్కడ కట్టాలో చెప్పేవి ఎముక లోపలే చిక్కుకుని ఉండే ఆస్టియోసైట్లు. అడుగు వేసినప్పుడు, బరువు ఎత్తినప్పుడు ఎముకలో కలిగే అతి చిన్న వంపును అవి పసిగడతాయి. మోసే భారాన్ని బట్టే ఎముక రూపు దిద్దుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లోనే సూత్రీకరించాడు. చిన్నప్పటి నుంచి టెన్నిస్ ఆడినవాళ్లకు రాకెట్ పట్టే చేతి ఎముక రెండో చేతి ఎముక కంటే మందంగా ఉంటుంది. భారమే లేని అంతరిక్షంలో వ్యోమగాముల తుంటి ఎముక నెలకు ఒక శాతానికి పైగా తరిగిపోతుంది. వాడితే అరిగేదే ఎముక అయితే ఈ రెండూ తలకిందులుగా జరగాలి.

పన్నెండేళ్లప్పుడు పడే పునాది

కడుపులోని బిడ్డ అస్థిపంజరం ఎక్కువ భాగం మృదులాస్థిగానే మొదలవుతుంది. పుట్టినప్పుడు 270కి పైగా ఉండే ఎముకలు పెరిగేకొద్దీ అతుక్కుని 206గా స్థిరపడతాయి. చేతులు, కాళ్ల పొడవాటి ఎముకల చివర్లలో ఒక మృదులాస్థి పొర మిగిలి ఉంటుంది. అందులోని కణాలు విభజన చెంది, వరుసకట్టి, ఉబ్బి, వాటి చుట్టూ ఖనిజం పేరుకున్నాక ఆ చోటును ఎముక ఆక్రమిస్తుంది. మనిషి పొడుగు పెరిగేది ఈ పొర వల్లే. ఆడపిల్లల్లో సుమారు పదిహేనేళ్లకు, మగపిల్లల్లో మరో రెండేళ్లకు అది మూసుకుపోతుంది. పొడుగు బాగా సాగే రెండేళ్లలోనే, పెద్దయ్యాక ఉండబోయే ఎముక ఖనిజంలో దాదాపు నాలుగో వంతు చేరుతుందని కెనడాలో పిల్లలను ఏళ్ల తరబడి పరిశీలించిన అధ్యయనం చూపింది. ఆడపిల్లకు అవి పదకొండు నుంచి పధ్నాలుగేళ్ల మధ్య వచ్చే సంవత్సరాలు. ముప్పై దాటాక మిగిలేది చేరిన దాన్ని కాపాడుకునే పని. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి, కట్టడం కంటే కూల్చడం వేగంగా సాగుతుంది.

ఈ లెక్కను బీడీ పని జరిగే ఇంటికి అన్వయించి చూడాలి. తునికాకు, తంబాకు కార్ఖానా నుంచి ఇంటికి వస్తాయి, చుట్టిన బీడీలు తిరిగి కార్ఖానాకు వెళతాయి. పని ఇంట్లోనే కనుక బడి నుంచి వచ్చిన ఆడపిల్ల కూడా తల్లి చాట పక్కన కూర్చోవడం తేలిక. 1986 నాటి బాలకార్మిక చట్టం బీడీల తయారీని పిల్లలకు నిషిద్ధమైన పనుల జాబితాలో పెట్టింది, కుటుంబ సభ్యుల సాయంతో నడిచే పనికి మాత్రం మినహాయింపు ఇచ్చింది. పరుగులు పెట్టి, గెంతి, ఎముకలో ఖనిజం చేర్చుకోవలసిన రెండేళ్లు అక్కడే జారిపోతాయి. ఆ లోటు ముప్పై ఏళ్ల దాకా బయటపడదు. బయటపడ్డాక దాన్ని వయసు అంటాం.

వయసు ఒక్కటే కారణమైతే చిన్న వయసులో ఎముకలు గట్టిగా ఉండాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థలో వీణా శత్రుఘ్న బృందం తక్కువ ఆదాయం గల కుటుంబాలకు చెందిన 289 మంది స్త్రీలను పరీక్షించింది. వాళ్లు 30 నుంచి 60 ఏళ్ల మధ్యవారు. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం తుంటి దగ్గర ఎముక సాంద్రత దాదాపు 52 శాతం మందిలో తగ్గి ఉంది. మరో 29 శాతం మందిలో అది ఎముక గుల్లబారే స్థాయికి పడిపోయింది. వాళ్ల రోజువారీ తిండిలో కాల్షియం మూడు వందల మిల్లీగ్రాములు కూడా లేదు.

ఎండకు కొదవా?

ఇక్కడ వెంటనే ఒక ప్రశ్న వస్తుంది. వేసవిలో జగిత్యాల నిప్పుల కొలిమి. ఎండ పుష్కలంగా ఉన్నచోట విటమిన్ డి లోటు ఎలా వస్తుంది? తిరుపతిలో సి.వి. హరినారాయణ్ బృందం జరిపిన పరిశోధన దీనికి సమాధానం. 2007లో ప్రచురించిన ఆ అధ్యయనంలో పట్నాలలోనే కాదు, పల్లెల్లోనూ విటమిన్ డి లోటు విస్తారంగా కనిపించింది. పల్లెల్లో మగవాళ్ల కంటే ఆడవాళ్లలో అది బాగా ఎక్కువ. ఊళ్లో ఎండ ఉండటం వేరు, చర్మానికి ఎండ తగలడం వేరు. రేకుల కింద బీడీలు చుట్టే ఆమెకూ, మరమగ్గాల షెడ్డులో పన్నెండు గంటలు గడిపే అతనికీ ఆ ఎండ వేడిగా చేరుతుంది కానీ విటమిన్‌గా చేరదు.

తిండి సంగతీ అంతే. భారతీయులకు రోజుకు 600 మిల్లీగ్రాముల కాల్షియం చాలని ఒకప్పుడు అన్న పోషకాహార సంస్థ 2020లో దాన్ని వెయ్యికి పెంచింది. వంద గ్రాముల బియ్యంలో పది మిల్లీగ్రాములకు మించి ఉండదు. అన్ని రాగుల్లో మూడు వందలకు పైగా ఉంటుంది. నువ్వుల్లో వెయ్యి దాటుతుంది. సన్నబియ్యానికి పేరు తెచ్చిన జగిత్యాల దగ్గరి పొలాస పరిశోధన కేంద్రం నువ్వుల వంగడాలను కూడా రూపొందించింది. సద్దుల బతుకమ్మ నాడు నువ్వుల పొడి చేయని ఇల్లు ఉండదు. అంటే పంట ఉంది, అలవాటూ ఉంది, అది ఏడాదిలో ఒక్క పూటకే పరిమితమైంది. నువ్వుల పొట్టులోని ఆక్సలేట్లు, ధాన్యాల్లోని ఫైటేట్లు కొంత కాల్షియంను ఒంటికి పట్టనివ్వవన్నది నిజమే. అందుకే పాలు, పెరుగు, ఆకుకూరలు కూడా తోడుండాలి. ఆంధ్రప్రదేశ్ 2023 మార్చిలో బడి భోజనంలో రాగి జావ చేర్చింది. ఎముక పెరిగే వయసులో పెట్టే ఖర్చు అంటే అలాంటిది.

ఇంత కష్టం చేసే ఒంటికి భారం చాలదా?

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. తెల్లారింది మొదలు పొద్దుగూకే దాకా కష్టపడే మనిషితో నీ ఎముకలకు పని చాలలేదు అనడం ఎగతాళి కాదా? ఎముక కష్టాన్ని గంటల్లో లెక్కించదు. 1984లో రూబిన్, లాన్యన్ అనే శాస్త్రజ్ఞులు కోడిపుంజుల రెక్క ఎముకపై రోజూ కొద్దిసార్లు భారం వేసి చూశారు. రోజుకు నాలుగుసార్లు వేస్తే ఎముక తరగడం ఆగింది, 36 సార్లు వేస్తే పెరిగింది. 1,800 సార్లు వేసినా అంతకు మించి పెరగలేదు. ఎముకకు కావలసింది మారుతూ వచ్చే భారం, మధ్యలో విరామం. బాసింపట్టు వేసి గంటల కొద్దీ వంగి కూర్చున్నా, సాంచాల మధ్య గంటల కొద్దీ నిలబడినా ఆ మార్పు ఉండదు. వేళ్లు, మణికట్టు అలుపెరగకుండా ఆడుతుంటే తుంటి, తొడ, వెన్ను ఒకే భంగిమలో బిగుసుకుపోతాయి.

గుజ్జు అని పిలుచుకునే మృదులాస్థికి ఈ నియమం మరింత కఠినం. మోకాట్లో ఎముకల చివర్లను కప్పి ఉండే ఆ పొర మందం చాలాచోట్ల రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. అందులో ఎక్కువ భాగం నీరు. మిగతాది మరో రకం కొలాజెన్, నీటిని పట్టి ఉంచే ప్రోటియోగ్లైకాన్లు, అక్కడక్కడ కొన్ని కణాలు. రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. అడుగు పడినప్పుడు పొర నొక్కుకుని నీరు వదులుతుంది, అడుగు లేచినప్పుడు కీలు ద్రవం నుంచి పోషకాలతో పాటు నీటిని పీల్చుకుంటుంది. కదలికే దాని భోజనం. వెన్నుపాము దెబ్బతిని కాళ్లు కదలనివాళ్లలో ఆ పొర పలచబడుతుంది. ఒకసారి దెబ్బతింటే అది మళ్లీ పూర్తిగా కోలుకోదని లండన్ వైద్యుడు విలియం హంటర్ 1743లోనే గుర్తించాడు. ఆ మాట నేటికీ చాలావరకు నిజమే. నరాలు లేని పొరకు నొప్పి తెలియదు కనుక నొప్పి వచ్చేది దాని కింది ఎముక నుంచి, కీలు చుట్టూ ఉన్న పొర నుంచి, బలం తగ్గిన కండరాల నుంచి. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ, మనిషి పడే బాధకూ తరచూ పొంతన కుదరకపోవడానికి ఇదొక కారణం.

అయితే పొలం పనిలో రోజంతా కదిలిన పాతకాలం ఆడవాళ్లకు మోకాళ్ల నొప్పులు లేవా అని అడగవచ్చు. ఉన్నాయి. బీజింగ్‌లో వృద్ధులపై జరిగిన అధ్యయనంలో చైనా స్త్రీలకు అమెరికా స్త్రీల కంటే మోకాలి కీళ్ల జబ్బు ఎక్కువగా కనిపించింది. యవ్వనంలో ఎక్కువసేపు గొంతుక్కూర్చున్నవాళ్లకు ముప్పు మరీ ఎక్కువ. బాసింపట్టు, గొంతుక్కూర్చోవడం ఒకటి కావు, ఆ ఫలితాన్ని యథాతథంగా బీడీ పనికి అంటగట్టలేం. కానీ మోకాలు పూర్తిగా ముడిచి గంటల కొద్దీ ఉంచడం కీలుకు మేలు చేయదన్న సంగతి రెండింటికీ వర్తిస్తుంది. కదలకపోవడమూ ముప్పే, ఒకే తీరున అతిగా ఒత్తడమూ ముప్పే. విశ్రాంతి తీసుకోమనే సలహా ఈ రెండింటిలో ఒకదాన్ని వదిలించి రెండోదాన్ని తెచ్చిపెడుతుంది. తొడ కండరాలను బలపరిచే వ్యాయామం మోకాలి నొప్పిని తగ్గిస్తుందని పలు పరీక్షలు తేల్చాయి. గుజ్జు పెంచుతాయని అమ్మే మాత్రల్లో ఉండే గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్‌లను 2006లో అమెరికాలో 1,500 మందికి పైగా రోగులపై పరీక్షిస్తే, మొత్తమ్మీద ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగైన ఫలితం రాలేదు.

రేటులో లేని విరామం

చివరి అభ్యంతరం అన్నింటికంటే గట్టిది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి కట్టేచోట అరగంటకోసారి లేచి నడవమనడం కడుపు నిండినవాళ్ల సలహా. నిజమే, అది సలహాగా మిగిలితే వృథా. లేచిన ప్రతిసారీ కూలి తగ్గే ఏర్పాటు ఉన్నంత కాలం ఎవరూ లేవరు. మీటర్ల లెక్కన కూలి అందే సిరిసిల్ల కార్మికుడికీ ఇదే వర్తిస్తుంది. కాబట్టి విరామం రేటులోనే ఉండాలి. వెయ్యి బీడీలకు పట్టే సమయాన్ని లెక్కగట్టి కూలి నిర్ణయించేటప్పుడు లేచి తిరిగే నిమిషాలనూ అందులో కలపాలి. 1976 చట్టంతో బీడీ కార్మికులకు సంక్షేమ నిధి ఏర్పడింది, దవాఖానాలు వచ్చాయి. ఆ నిధికి ఆధారమైన బీడీ సెస్సు 2017లో జీఎస్టీతో పాటే రద్దయింది. కీళ్ల నొప్పికి చికిత్స అవసరమైన చోటే సెస్సు సొమ్ము వచ్చే దారి మూసుకుపోయింది.

ఇది అత్యాశ అనుకుంటే తెలుగు నేల మీద ఇప్పటికే ఒక ఉదాహరణ ఉంది. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు నెల్లూరు జిల్లా జనం ఎముకల్లో కనిపించిన వికృతికి తాగునీటిలోని ఫ్లోరైడే కారణమని ప్రకటించారు. అదే ఫ్లోరైడ్‌తో నల్లగొండ పల్లెల్లో నడుములు వంగిపోవడాన్ని తలరాత అనుకున్న కాలం ఉంది. నీటిది తప్పని ఒప్పుకున్నాక ప్రభుత్వాల మీద ఒత్తిడి పెరిగింది. నీటిని శుద్ధి చేసే నల్లగొండ పద్ధతి వచ్చింది, 2016లో మొదలైన మిషన్ భగీరథ నది నీటిని ఇళ్లకు తెచ్చింది. ఇప్పటికే వంగిన నడుములు దానితో నిటారుగా మారలేదు. పెరిగే పిల్లల ఎముకలకు మాత్రం ఆ నీరు తేడా తెస్తుంది.

బీడీ కార్మికుల విషయంలో మనం ఇంకా తలరాత దశలోనే ఉన్నాం. వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పింఛను అవసరమే, దాన్ని తప్పుపట్టాల్సిన పని లేదు. కానీ అది ఎముక తరిగిపోయాక ఇచ్చే పరిహారం. ఎముక కట్టుకునే వయసు పన్నెండేళ్లు, దాన్ని కాపాడుకునే వయసు ముప్పై, నలభై. కోరుట్ల బడిలో చదివే ఆడపిల్లకు గుడ్డు, జావ, ఆటల గంట, ఆమె తల్లికి విరామం కలిపిన కూలి, ఆమె తండ్రి పనిచేసే షెడ్డులో మధ్యమధ్య కూర్చునే వీలు: ఎముకల ఆరోగ్యానికి అసలైన పెట్టుబడి ఇదే. దాన్ని పెట్టకుండా వచ్చే నొప్పికి వయసును తప్పుపట్టడం శాస్త్రానికీ, న్యాయానికీ నిలవదు.