వెబ్ సేవకు విశేషణాలు: లక్డారం రాతిపని పదజాలం ఉదాహరణగా

కీలకపదాలు: వెబ్ సేవ, ఆట్రిబ్యూట్, ప్రాపర్టీ, విశేషణం, వృత్తిపదాలు.

ప్రవేశిక

పటాన్‌చెరు మండలంలోని లక్డారం రాతి క్వారీలున్న గ్రామం. అక్కడి శ్రామికుల వృత్తిపదాలను సేకరించిన పరిశోధకుడు వాటిని ఇతర కళాశాలల కంప్యూటర్లకు నేరుగా అందించదలిచాడనుకుందాం. అందుకు వెబ్ సేవ ఒక సాధనం. భద్రిరాజు కృష్ణమూర్తి రూపొందించిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం (1962) వ్యవసాయ పదాలను ప్రాంతభేదాలతో నమోదు చేసింది. ఏ ప్రాంతానిదో తెలియని పదానికి పరిశోధనలో విలువ తగ్గుతుంది. వెబ్ సేవ విషయంలోనూ ఇంతే. అది ఎవరిదో, ఏమి చేస్తుందో తెలిపేవి ఆట్రిబ్యూట్లు.

విషయవివరణ

తెలుగులో విశేషణం విశేష్యానికి ముందు నిలుస్తుంది. సీషార్ప్‌లోనూ ఆట్రిబ్యూట్‌ను చదరపు బ్రాకెట్లలో, క్లాస్‌కు గాని మెథడ్‌కు గాని ముందు రాస్తారు. అందులోని ప్రాపర్టీ పేరు రాసి, సమాన చిహ్నం పెట్టి విలువ ఇస్తారు. అయితే ఈ పోలికకు ఒక హద్దు ఉంది. విశేషణం తొలగించినా వాక్యం నిలుస్తుంది. ఏఎస్‌పీ డాట్ నెట్ సేవలో ‘వెబ్‌మెథడ్’ తొలగిస్తే ఆ మెథడ్ బయటివారికి అందదు.

క్లాస్‌కు చేర్చే ‘వెబ్‌సర్వీస్’ ఆట్రిబ్యూట్‌లో ‘నేమ్‌స్పేస్’ ముఖ్యమైన ప్రాపర్టీ. విలువ ఇవ్వకపోతే ‘టెంప్‌యూఆర్‌ఐ డాట్ ఆర్గ్’ అనే తాత్కాలిక చిరునామా నిలిచిపోతుంది. అది మార్చని సేవలన్నిటికీ ఒకే ఇంటిపేరు ఉన్నట్టే. సంస్థ తన అధీనంలోని చిరునామాను ఇక్కడ ఇవ్వాలి. ఆ చిరునామాలో నిజంగా పుట ఉండనవసరం లేదు. ‘డిస్క్రిప్షన్’లో సేవ ప్రయోజనాన్ని వివరించవచ్చు.

మెథడ్ స్థాయిలో ‘క్యాష్‌డ్యూరేషన్’ ఫలితాన్ని ఎన్ని సెకన్లు దాచి ఉంచాలో నిర్ణయిస్తుంది. దాని సహజ విలువ 0. దీన్ని 3600గా ఉంచితే, ఒక పదార్థాన్ని సవరించిన తరువాత కూడా గంటవరకు పాత అర్థమే అందే అవకాశం ఉంది. ఒకే పేరుగల రెండు మెథడ్లను ‘మెసేజ్‌నేమ్’ వేరు చేస్తుంది. అయితే బేసిక్ ప్రొఫైల్ 1.1 ప్రమాణాన్ని పాటించే సేవలో ఇది చాలదు. మెథడ్ల పేర్లనే మార్చాలి.

ముగింపు

నేడు కొత్త సేవలకు వేరే మార్గాలు వచ్చినా ఈ సూత్రం మారలేదు. ప్రాపర్టీని ఖాళీగా వదిలినా యంత్రం ఒక విలువను తీసుకొంటుంది. ఆ విలువ పరిశోధకుడు ఉద్దేశించినది కాకపోవచ్చు. రాతిపనివారి పదానికి ఊరిపేరు ఎంత అవసరమో, ఆ పదాన్ని మోసుకుపోయే సేవకు సరైన గుర్తింపు అంతే అవసరం.