కూలిన ఇల్లు, సంఘము చేతులు

వరదలోనో తుఫానులోనో ఇల్లు పోగొట్టుకొన్న కుటుంబానికి ఆ ఇల్లు తిరిగి నిలబెట్టే పనిని గురించి ఈ దినము ఆలోచిద్దాము. అన్నము పొట్లాలు పంచడము గురించి నేను మాట్లాడడము లేదు. అదీ అవసరమే గాని, అది నాలుగు దినముల పని. ఇల్లు నెలల తరబడి సాగే పని. పొట్లాలు పంచేటప్పుడు జనము ఉంటారు, ఫోటోలు తీసేవారు ఉంటారు. ఇల్లు కట్టే వేళకు ఎవరూ ఉండరు. సంఘము అవసరమయ్యేది అప్పుడే.

నెహెమ్యా గ్రంథము మూడవ అధ్యాయము తెరవండి. పేర్ల పట్టిక అని చాలామంది దానిని దాటిపోతారు. యెరూషలేము గోడ కట్టినవారు ఎవరో గమనించండి. బంగారు పని చేసే కంసాలి ఉన్నాడు, సుగంధద్రవ్యాలు చేసేవాడు ఉన్నాడు, ఒక అధిపతి తన కుమార్తెలతో కలిసి వచ్చాడు. వీరిలో ఎవరికీ గోడ కట్టడము వృత్తి కాదు. అనేకులు తమ తమ ఇంటికి ఎదురుగా ఉన్న భాగమును బాగుచేసికొన్నారు. తెకోవ ఊరి పెద్దలు మాత్రము పనికి మెడ వంచలేదని కూడా అక్కడ వ్రాయబడి ఉన్నది. ఏ కాలములోనైనా అలాంటి పెద్దలు కొందరు ఉంటారు, వారి కొరకు పని ఆపకూడదు.

మన తెలుగు నేలలో ఇలాంటి పని పెద్ద ఎత్తున జరిగినది దివిసీమలో. 1977 నవంబరు 19వ తేదీ శనివారము కృష్ణా జిల్లా తీరమున తుఫానుతో ఉప్పెన లేచి, అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు ప్రాంతాల ఊళ్ళ మీద పడింది. పదివేలకు పైగా ప్రాణాలు పోయాయి. తాటాకు కప్పు, మట్టిగోడల ఇండ్లు ఆనవాలు లేకుండా కొట్టుకొనిపోయాయి. అప్పుడు అనేక సేవాసంస్థలు, వాటితోపాటు క్రైస్తవ సంస్థలు కూడా అక్కడికి వెళ్ళాయి. దేశ విభజన కాలములో, 1947లో, శరణార్థుల సేవ కొరకు మొదలైన సంఘాల ఉమ్మడి సంస్థ ‘కాసా’ వాటిలో ఒకటి. అది తీరప్రాంతములో తుఫాను ఆశ్రయ భవనాలు కట్టించింది. మామూలు దినములలో అందులో పిల్లలకు బడి, ఊరివారికి కూటము. తుఫాను వస్తే ఊరంతటికీ గూడు. ఈ ఆలోచన నాకు చాలా నచ్చుతుంది. ఏడాదికి ఒక్కసారి కూడా తాళము తీయని భవనము అవసరమైన రాత్రి తెరుచుకొంటుందా? దినమూ వాడే భవనమైతే తాళపుచెవి ఎవరి దగ్గర ఉన్నదో ఊరందరికీ తెలుసు. 1990 మే నెలలో అదే తీరమును మరొక ఘోరమైన తుఫాను కొట్టినప్పుడు చనిపోయినవారు సుమారు వెయ్యిమంది. అదీ చిన్న సంఖ్య కాదు. అయినా ముందుగా జనమును తరలించడము, తలదాచుకొనేందుకు గట్టి కట్టడాలు ఉండడము ఎంత తేడా తెచ్చాయో చూడండి.

కొండగట్టు చుట్టూ ఉన్న మన ఊళ్ళకు సముద్రము లేదు, ఉప్పెన రాదు. మనకు వచ్చేది వాగు. 2022 జులైలో కడెం ప్రాజెక్టు మీదుగా నీరు పొర్లినప్పుడు దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. 2023 జులై 27న భూపాలపల్లి దగ్గర మోరంచపల్లిని వాగు ముంచెత్తితే, జనము ఇండ్ల కప్పుల మీదికి ఎక్కి ప్రాణాలు దక్కించుకొన్నారు. ఆ వానలలోనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క దినములో 649.8 మిల్లీమీటర్ల వర్షము నమోదైంది.

ఇక్కడ ఇల్లు కూలే తీరు వేరు. సముద్రతీరమున గాలి కప్పును ఎత్తివేస్తుంది. మన దగ్గర నీరు మట్టిగోడ అడుగును నానబెడుతుంది. పైన గూనపెంకల బరువు అలాగే ఉంటుంది. తరచుగా వాన వెలిసి ఎండ కాసిన తరువాత, అందరూ ఇంటిలోనికి తిరిగి వచ్చాక గోడ కూలుతుంది. కాబట్టి యౌవనస్థులారా, నానిన గోడ పగులు ఇచ్చి ఉంటే సామాను తేవడానికి లోపలికి వెళ్ళవద్దు. ముందు బయటినుండి గుంజలు పెట్టి ఆనించండి.

ఇంకొక మాట. మనవారు ఉత్సాహముతో వెళ్ళి మొదటి దినమే శిథిలాలన్నీ ఎత్తివేసి వాకిలి శుభ్రము చేస్తారు. మంచి మనస్సే గాని, ఆ కుటుంబానికి నష్టము కలుగవచ్చు. 2022లో అమలులోనికి వచ్చిన కేంద్ర విపత్తు సహాయ నియమాలు మైదాన ప్రాంతములో పూర్తిగా కూలిన ఇంటికి 1,20,000 రూపాయలు, గుడిసెకు 8,000 రూపాయలు అని నిర్ణయించాయి. ఇంతటి తేడా ఉన్నప్పుడు, కూలినది ఇల్లా గుడిసెయా అన్నది రెవెన్యూ వారు వచ్చి చూసి వ్రాసుకోవాలి. అప్పటివరకు అన్ని వైపులనుండి ఫోటోలు తీసి పెట్టండి. బురదలో పడిన పాస్‌పుస్తకము, రేషన్‌కార్డు, ఆధార్‌కార్డు వెదకి నీడలో ఆరబెట్టండి. పార పట్టేకంటే ముందు చేయవలసిన సేవ ఇది. ఇంటి జాగా ఎవరి పేర ఉన్నదో కూడా అడగండి. పరాయి జాగాలో కట్టిన గోడ ఆ కుటుంబానికి నిలువదు.

ఇక కట్టడము. గోడ కట్టే పని ఊరిలోని సుతారికే ఇవ్వండి, కూలి ఇవ్వండి. వరదలో ఆయన పని కూడా పోయింది గదా! మనము ఇటుకలు మోద్దాము, నీళ్ళు తెద్దాము, మాలు కలుపుదాము. పాత దర్వాజలు, దూలాలు, పగలని పెంకలు ఏరి పెడితే చాలా ఖర్చు తగ్గుతుంది. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకొంటుంది, దానితో గోడ చీలుతుంది. కాబట్టి పునాదిని కింద గట్టి మొరము తగిలేవరకు దించాలి. బేస్‌మెంటు ఎంత ఎత్తు ఉండాలో వరద నీటి మరక చెబుతుంది. ఆ మరక కంటే ఎత్తుగా లేపండి. చూరు బయటికి సాగితే వాన గోడను కొట్టదు. సిమెంటు పని అయ్యాక కనీసము ఏడు దినములు నీళ్ళు కొట్టాలి. ఆదివారము వచ్చి గోడ లేపి సోమవారము వెళ్ళిపోయే బృందాలు మరిచేది దీనినే. ఎవరు ఏ దినము నీళ్ళు కొడతారో ముందే పేర్లు వ్రాసుకొని వెళ్ళండి. వంటిల్లు ఎటు ఉండాలి, తలుపు ఎటు తెరవాలి అన్నది ఆ ఇంటి తల్లి చెబుతుంది, మనము కాదు.

ఎవరి ఇల్లు ముందు? మన సంఘస్థులదా? మన ప్రాంతములో అనేక కుటుంబాలు కొండగట్టు అంజన్న భక్తులని మీకు తెలుసు. ఇల్లు పూర్తయ్యాక వారు కొండ ఎక్కి మొక్కు చెల్లించుకొని వస్తారేమో. రానివ్వండి. 1994లో రెడ్‌క్రాస్‌తో కలిసి ప్రపంచ సంఘాల సమాఖ్య, లూథరన్ ప్రపంచ సమాఖ్య, కారితాస్ వంటి క్రైస్తవ సంస్థలే ఒక నియమావళిని ముందుకు తెచ్చాయి. అవసరమును బట్టియే సహాయము చేయాలని, సహాయమును మత ప్రచారానికి వాడకూడదని అందులో ఉన్నది. మంచి సమరయుడు దెబ్బలు తిన్నవానిని నీ మతమేమిటని అడిగినట్లు మనము ఎక్కడా చదువము. కాబట్టి విధవరాలు, వృద్ధులు, వికలాంగులు ఉన్న ఇంటిని ముందు పెట్టండి. కట్టిన గోడ మీద సంఘము పేరు వ్రాయించవద్దు. అది వారి గోడ.

పని ముగిసిన తరువాత, వచ్చే వర్షాకాలములో మొదటి పెద్ద వాన కురిసిన మరునాడు ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళండి. కప్పు ఎక్కడ కారుతున్నదో ఆ తల్లి చూపిస్తుంది. వెళ్ళేటప్పుడు ఒక నిచ్చెన, పది పెంకలు వెంట తీసికొనిపొండి.